మాట్లాడిస్తున్నారా, మాటలు అందిస్తున్నారా?

సంపాదకుల వారికి,

పరిశోధక విద్యార్థులకు సూచనలిస్తూ మీ పత్రికలో గత వారం వచ్చిన వ్యాసం చదివాను. ఇంటర్వ్యూకి ప్రశ్నలు ఎలా తయారు చేసుకోవాలో వివరంగా రాశారు, బాగుంది. తీరా వెళ్లి కూర్చున్నాక ఏం జరుగుతుందన్నది మాత్రం అందులో లేదు. నేను రోజూ వినేది అదే. పరిశోధకులు పంపే రికార్డింగులు విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేయడం నా వృత్తి. గంట ఆడియోకి నాలుగైదు గంటలైనా పడుతుంది, గ్రూప్ డిస్కషన్ అయితే ఇంకా ఎక్కువ. అంతసేపు ముందుకీ వెనక్కీ తిప్పి వింటే ఇంటర్వ్యూ ఎక్కడ చెడిందో ఇట్టే తెలిసిపోతుంది.

చాలావరకు చెడేది ఒకేచోట. ఎదుటి మనిషి చెప్పబోయి కాసేపు ఆగుతారు. ఆ కాసేపు అడిగేవాళ్లు ఓర్చుకోలేరు. వివరాలు మార్చి ఒకటి చెబుతాను. ఒకావిడ మందులు మధ్యలో మానేశారు. కారణం అడిగితే, "మొదట్లో వేసుకున్నానండీ... తర్వాత..." అని ఆగారు. వెంటనే ఇటునుంచి, "సైడ్ ఎఫెక్ట్స్ వచ్చాయా?" అటునుంచి, "ఆ... అదేనండీ." ఇక ఆ "అదేనండీ" రిపోర్టులో ఆవిడ అభిప్రాయంగా ఎక్కుతుంది! చివర్లో, "థాంక్సండీ, రికార్డింగ్ ఆపేస్తాను" అనగానే ఆవిడ, ఆ మాత్రలు వేసుకోవడం చూసిన దగ్గర్నుంచి ఇంట్లో తనకి ఏ పనీ చెప్పడం మానేశారని మొదలుపెట్టారు. రెండో వాక్యం సగంలో ఆడియో ఆగిపోయింది.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలో తరగతి గదుల రికార్డింగులు పరిశీలించారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. పెద్దవాళ్లకి మాత్రం ఆ మూడు సెకన్లు అక్కర్లేదా?

అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఎందుకు మానేశారు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది, జనం తమ తప్పేం లేదని చెప్పుకోవడంలో పడతారు. "చివరిసారి మాత్ర వేసుకున్న రోజు ఏం జరిగిందో చెప్పండి" అంటే ఆ రోజంతా కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఇదేం కొత్త సంగతి కాదు. ఫోకస్ గ్రూపులకి (కొద్దిమందిని కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడించడానికి) మూలమైన 'ఫోకస్డ్ ఇంటర్వ్యూ' పద్ధతి గురించి సామాజిక శాస్త్రవేత్తలు రాబర్ట్ మెర్టన్, ప్యాట్రీషియా కెండాల్ 1946లో రాసిన వ్యాసంలోనే, అడిగేవాళ్లు జవాబుకి దారి చూపించకూడదని ఉంది.

గ్రూపుల సంగతి మరీ ఘోరం. ఎనిమిది మందిని కూర్చోబెడతారు, మొదట గొంతెత్తినాయన ఏదో అంటారు. ఆ తర్వాత నేను టైపు చేసేదంతా "సార్ చెప్పినట్టే", "నాదీ అదే". ఒకసారైతే ఆ సార్ మిగతావాళ్లందరికీ సూపర్‌వైజర్! పై అధికారిని, కింద పనిచేసేవాళ్లని ఒకే గ్రూపులో వేశాక చర్చ నడిపే మోడరేటర్ ఎంత గొప్పవారైనా చేసేదేం లేదు. 1950లలో సైకాలజిస్ట్ సాల్మన్ ఆష్ ప్రయోగాల్లో, ఏ గీత దేనికి సమానమో కంటికి కనిపిస్తున్నా, పక్కవాళ్లు కావాలని చెప్పిన తప్పు జవాబుకే చాలామంది కనీసం ఒక్కసారైనా ఓటేశారు. తమ జవాబు ఎవరికీ కనపడకుండా కాగితం మీద రాయమంటే ఆ మొహమాటం బాగా తగ్గింది. అందుకే చర్చ మొదలయ్యే ముందు ఎవరికి వాళ్లని రెండు వాక్యాలు రాసుకోమనే మోడరేటర్ల రికార్డింగులు వేరుగా ఉంటాయి. అందులో మనుషులు ఒకరితో ఒకరు విభేదిస్తారు. మాటకారిని తన పక్కన, మాట్లాడనివాళ్లని తనకి ఎదురుగా కూర్చోబెట్టుకోవడం కూడా పనిచేస్తుంది. పక్కన రాసుకునే మనిషి ఒకరు తప్పనిసరి, తల ఊపితే రికార్డర్‌కి వినపడదు కదా! (రికార్డర్‌ని ఫ్యాన్ కింద పెట్టేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.)

ఇంకొక్క మాట. "మీరు చెప్పింది ఈ గది దాటదు" అని గ్రూపులో హామీ ఇస్తుంటారు. మోడరేటర్ తన మటుకు మాటివ్వగలరు, మిగతా ఏడుగురి తరఫున ఎలా ఇస్తారు? ఆ సంగతి ముందే చెప్పేస్తే, ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో వాళ్లే చూసుకుంటారు.

మీకూ ఒక విన్నపం. ఎనిమిది మందిలో ఆరుగురు తల ఊపారని "75 శాతం ప్రజల అభిప్రాయం" అని శీర్షిక పెట్టకండి. గ్రూప్ డిస్కషన్ లెక్కల కోసం పెట్టింది కాదు. అలాంటి రిపోర్టు మీ దగ్గరకి వస్తే, అడిగిన ప్రశ్న ఏమిటో, ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారో కనుక్కుని, ఆ రెండు ముక్కలూ వార్తలో వేయండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు
(వృత్తిరీత్యా పేరు ప్రచురించవద్దని మనవి)