సినిమాలు చూస్తున్నానురా బావా

పర్లాకిమిడి,
2025 జూలై.

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. రిటైరయ్యాక ఏం వెలగబెడుతున్నావని అడిగావు కదా, సినిమాలు చూస్తున్నానురా. ఇక్కడ ఆడితే ఇక్కడే, లేదంటే అబ్బాయి దగ్గరికి శ్రీకాకుళం వెళ్లినప్పుడు. మీ చెల్లెమ్మ కూడా తోడు. ఒక్క సినిమా మీదైనా మా ఇద్దరికీ మాట కలిస్తే ఒట్టు!

పుష్ప 2 మూడు గంటల ఇరవై నిమిషాలు. బాత్రూంకి లేస్తే ఒక ఫైటు పోతుంది, తిరిగొచ్చి కూర్చుంటే ఇంకో ఫైటు మొదలవుతుంది. మనకేం నష్టం లేదు. గంగమ్మ జాతరలో అల్లు అర్జున్ చీర కట్టుకుని ఆడాడు చూడు, దానికి మాత్రం దండం పెట్టాలి. మిగతాదంతా చెవుల్లో దూది పెట్టుకునే చూశాను. హాలువాళ్లను కాస్త సౌండు తగ్గించమంటే, నన్ను చూసి జాలిగా నవ్వారు.

'సంక్రాంతికి వస్తున్నాం' సినిమా చూసి మీ చెల్లెమ్మ పడీ పడీ నవ్వింది. ఆ బుల్లిరాజు బూతులు నాకైతే ఎక్కలేదు. తెర మీద పిల్లాడు తిడితే చప్పట్లు, అదే తిట్టు మనవడు ఇంట్లో తిడితే వీపు విమానం మోత! అయితే రమణ గోగుల పాడిన గోదారి గట్టు పాట మాత్రం వదల్లేదు, స్నానం చేస్తూ నేనే పాడుకుంటున్నాను.

ఇక తండేల్. దీని గురించి చెబుదామనే అసలు కలం పట్టాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన అంత పోట్లాడితే, సినిమావాళ్లు మాత్రం ఇన్నేళ్లూ మన శ్రీకాకుళం యాసను పనిమనుషులకీ, కామెడీ వాళ్లకీ వదిలేశారు. ఇందులో హీరో హీరోయిన్లే ఆ యాసలో మాట్లాడుతుంటే మా వెనక సీట్లో ఒకావిడ, 'అచ్చం మా ఆడపడుచులాగే ఉంది' అంది. సాయిపల్లవి మాట నాకు బాగా నచ్చింది. నాగచైతన్య కష్టపడ్డాడు గానీ, కోపం వచ్చినప్పుడు నా చెవికి యాస కొంచెం జారినట్టే అనిపించింది.

2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్ల చేతికి చిక్కిన మన శ్రీకాకుళం మత్స్యకారుల కథ ఇది. ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు వాళ్లు. ఆ ఏడాదిలో ఇక్కడి ఆడవాళ్లు ఇల్లు ఎలా నెట్టుకొచ్చారు, అప్పులవాళ్లకి ఏం చెప్పారు? అది ఇంకాస్త చూపించి ఉంటే ఎంత బాగుండేది! దాని బదులు జైల్లో ఫైట్లు, నినాదాలు పెట్టారు. మీ చెల్లెమ్మ మాత్రం అక్కడే ఈల వేయబోయింది, నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

'కోర్ట్' సినిమా చూశావా? చూడకపోతే ముందు అది చూడు. విశాఖపట్నంలో ఒక కుర్రాడి మీద పోక్సో కేసు, అంటే మైనర్లపై లైంగిక నేరాల చట్టం కింద కేసు, బనాయిస్తారు, అంతే కథ. మంగపతిగా శివాజీ తెర మీదికి రాగానే మా వరసలో పాప్‌కార్న్ నమలడం ఆగిపోయిందిరా. పరువు పరువు అంటూ ఇంట్లో ఆడపిల్లల మీద కర్ర పెత్తనం చేసే మనిషి ఏ చుట్టరికంలో లేడు చెప్పు? మా బంధువుల్లోనే ఒకాయన ఉన్నాడు, పేరు రాయను, నీకు తెలుసు. ఆయనకి ఈ సినిమా బాగా నచ్చిందట!

కుబేరలో ధనుష్ బిచ్చగాడిగా బతికేశాడు. నిడివి మాత్రం ఓ అరగంట కోసేయొచ్చు.

అన్నట్టు, మొన్న మార్చిలో రాజమౌళి మహేశ్‌బాబుతో ఒడిశాలోని కొరాపుట్ కొండల్లో షూటింగ్ చేశాడు కదా, అక్కడుండే మా తోడల్లుడు ఇప్పటికీ ఆ కబుర్లే చెబుతున్నాడు. ఆయన చూసింది మాత్రం దూరం నుంచి వ్యాన్లనే.

దసరాకి వస్తానన్నావు, మాట తప్పకు. కొత్త సినిమా ఏదుంటే అది చూద్దాం. టికెట్లు నావి, దూది నువ్వు తెచ్చుకో.

నీ
బావ