సొంత విండోస్ ఉండగా దొంగ విండోస్ ఎందుకు?

సంపాదకులు గారికి,

ఆర్యా,

సైబర్ మోసాల వార్తలు మీ పత్రికలో రోజూ చదువుతున్నాను. తెలియని లింకులు నొక్కవద్దనీ, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనీ మీరు చేస్తున్న హెచ్చరికలు అవసరమైనవే. అయితే ఏ లింకూ నొక్కకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా, డబ్బిచ్చి మరీ వైరస్‌ను ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి నేను. ఈ మధ్య తెలిసినవాళ్లు నలుగురితో మాట్లాడితే వాళ్లలో ముగ్గురి కథా ఇదేనని తేలడంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. 2019లో కొన్న ల్యాప్‌టాప్ మీద దగ్గరి బడులకు ప్రశ్నపత్రాలు, గుడి కమిటీ కరపత్రాలు, అడపాదడపా బంధువుల శుభలేఖలు టైపు చేస్తుంటాను. నిరుడు వేసవిలో అది మరీ నెమ్మదించడంతో మా ఊళ్లోని ఒక సర్వీసు షాపులో ఇచ్చి, పాత హార్డ్‌డిస్కు తీయించి, దాని చోట వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించాను. విండోస్, ఆఫీసు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు అన్నీ ఫ్రీగా వేసేశామని కౌంటర్ దగ్గర కుర్రాడు సంతోషంగా చెప్పాడు. రశీదు అడిగితే విజిటింగు కార్డు వెనకాల మొత్తం రాసిచ్చాడు. మొదటి పది రోజులు మిషను నిజంగానే పరుగులు పెట్టింది.

ఆ తర్వాత మొదలైంది. ఏ పనీ చేయకుండా వదిలేసినప్పుడు ఫ్యాను హోరెత్తేది. ఏ ప్రోగ్రాము ఇంత పని చేయిస్తోందో చూద్దామని నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండు మూడు సెకన్లలో ఆ హోరు తగ్గిపోయి, పట్టికలో అన్నీ బుద్ధిమంతుల్లా కనిపించేవి. మూసేసి నిమిషం ఆగితే మళ్లీ హోరు. మాస్టారు వెనక్కి తిరిగేసరికి సద్దుమణిగే తరగతులను ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి కనుక, ఇది యంత్రం లోపం కాదనీ, ఎవరో తొంగిచూస్తున్నారని గ్రహించి నక్కుతున్న సరుకనీ నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మన ప్రాసెసరుతో, మన కరెంటుతో ఎవరికోసమో క్రిప్టో అనే డిజిటల్ నాణేలు లెక్కలు కట్టి సంపాదించే, అంటే తవ్వే, ప్రోగ్రాములు ఉంటాయనీ, టాస్క్ మేనేజర్ తెరుచుకోగానే పని ఆపేయడం వాటిలో కొన్నింటికి అలవాటనీ తర్వాత తెలిసింది.

విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అనే వైరస్ నిరోధక ప్రోగ్రాముతో స్కాన్ పెట్టాను. ఏదో దొరికిందని చూపింది, తీసేశానని చెప్పింది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే. మూడుసార్లు ఇదే తంతు జరిగాక డిఫెండర్ సెట్టింగులు తెరిచి చూద్దును కదా, కొన్ని మీటలు నొక్కుడు పడవు. వీటిని మీ అడ్మినిస్ట్రేటర్ నిర్వహిస్తున్నారని పైన ఒక వాక్యం. క్రోమ్ తెరిస్తే అందులోనూ ఈ బ్రౌజరును మీ సంస్థ నిర్వహిస్తోందని ఉంది. మా ఇంట్లో సంస్థ అంటే నేనూ, మా ఆవిడా. ఇంకా కిందికి వెళ్తే స్కాన్ చేయకుండా వదిలేయవలసిన చోట్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో విండోస్ ఉండే సి డ్రైవ్ మొత్తం రాసి ఉంది. కాపలావాణ్ణి పెట్టి, ఇంట్లోకి మాత్రం చూడవద్దని చెప్పినట్టన్నమాట.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్ చేస్తే, “మావయ్యా, ముందు వైఫై తీసేయండి, బ్యాంకు పనులు దాంట్లో చేయకండి, పాస్‌వర్డులు కూడా దాంట్లోంచి మార్చకండి” అన్నాడు. తర్వాతి రెండు ఆదివారాలు వాడు ఫోనులో చెప్పడం, నేను చేయడం. సి డ్రైవ్‌ను ఆ జాబితాలోంచి తీయించాం. షిఫ్ట్ మీట నొక్కిపెట్టి రీస్టార్ట్ కొట్టి అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి స్కాన్ చేశాం. డిఫెండర్‌లోనే ఉండే ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాం. విండోస్ లేవకముందే పనిచేసే స్కాన్ కనుక, విండోస్ లేచాక దాక్కునే సరుకు దానికి చిక్కే అవకాశం ఎక్కువట. పావుగంట పట్టింది. ఈసారి ఫ్యాను రెండు రోజులు మౌనంగా ఉంది. మూడో రోజు ఉదయం పూజగదిలోకి వినిపించింది.

ఎందుకు తిరిగొస్తున్నదో ఆ రోజు అర్థమైంది. స్కాన్ తీసేస్తున్నది కాయను మాత్రమే, వేరు టాస్క్ షెడ్యూలర్‌లో ఉంది. ఫలానా గంటకు ఫలానా ప్రోగ్రాము నడపమని విండోస్‌కు చెప్పి ఉంచే పట్టిక అది. మైక్రోసాఫ్ట్‌వారే ఇచ్చే ఆటోరన్స్ అనే ఉచిత పరికరంతో చూస్తే, కంప్యూటరు లేవగానే తమంతట తాము లేచేవన్నీ ఒకే చోట కనిపిస్తాయి. మా దాంట్లో అప్‌డేట్ అనే మర్యాదైన పేరుతో ఉన్న ఒక పని, ఫైలు మాయమైనప్పుడల్లా ఇంటర్నెట్ నుంచి మళ్లీ తెచ్చిపెడుతోంది. దాని పక్కనే అలాంటిదే ఇంకొకటి ఉంది. అది, కొనని విండోస్‌ను కొన్నట్టు నమ్మించే యాక్టివేటర్ అనే ప్రోగ్రాముది. కంపెనీలకు టోకున ఇచ్చే లైసెన్సును అనుకరిస్తూ ఈ యాక్టివేటర్లు విండోస్‌ను మోసం చేస్తాయి. ఆ రకం లైసెన్సు 180 రోజులకోసారి కొత్తది కావాలి కనుక, కంప్యూటరులో శాశ్వతంగా కాపురం పెట్టి, సర్వాధికారాలతో పనిచేస్తూ ఉంటాయి. ఈ రెండింటిలో దొంగ ఏది, దొంగకు తలుపు తీసింది ఏది అని నేనడిగితే, “రెండూ ఒకే సంచిలో వచ్చినట్టున్నాయి మావయ్యా, ఇక ఏరడం దండగ, మొత్తం తుడిచేద్దాం” అని మేనల్లుడు తేల్చేశాడు.

తుడవడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే షాపులో ఫార్మాట్ కొట్టించడమూ ఇదీ ఒకటి కాదు. ముందుగా ప్రశ్నపత్రాలు, ఫొటోలు మాత్రమే వేరే డ్రైవులోకి తీశాం. తీసేముందు ఫైలు పేర్ల చివరి అక్షరాలు కనిపించేలా సెట్టింగు మార్చమన్నాడు. మార్చగానే ఒక విచిత్రం బయటపడింది: ఇన్నాళ్లూ ‘పదో తరగతి’ అనే ఫోల్డరు అనుకుంటున్నది ఫోల్డరు కాదు, ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న ఈఎక్స్ఈ ఫైలు, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాము. అసలు ఫోల్డరు దాని వెనకాల కనిపించకుండా దాగి ఉంది. ఇది జిరాక్సు షాపు నుంచి నా పెన్‌డ్రైవు మోసుకొచ్చిన వేరే వైరస్ అట. దానికి ఆ షాపును మాత్రమే ఎందుకు తప్పుపట్టాలి, నా పెన్‌డ్రైవు ఎన్ని బడులు తిరిగిందో నాకే లెక్క లేదు. తర్వాత పక్కింటివారి శుభ్రమైన కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి, 8 జీబీ పెన్‌డ్రైవులో విండోస్ ఎక్కించుకుని, దానితో ల్యాప్‌టాప్ లేపి, డిస్కులోని భాగాలన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేసి, మిగిలిన ఖాళీ స్థలంలో కొత్తగా విండోస్ వేశాం. ఆ మెట్టు దగ్గర చెయ్యి వణికిందని ఒప్పుకుంటాను. అక్కడ పోయినవి తిరిగి రావు.

ఈ ఉత్తరానికి అసలు కారణమైన సంగతి అక్కడే జరిగింది. విండోస్ తన లైసెన్సు నంబరును, అంటే కీని, అడుగుతుందనీ, కొనవలసి వస్తుందనీ అనుకుంటున్నాను. అడగలేదు. హోమ్ ఎడిషన్ అని తానే ఎంచుకుంది, ఇంటర్నెట్ తగిలించగానే యాక్టివేట్ అయిందని చెప్పింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే బ్రాండెడ్ ల్యాప్‌టాపుల్లో ఆ కీని మదర్‌బోర్డు మీది చిప్పులోనే రాసి పెడుతున్నారు. హార్డ్‌డిస్కు మార్చినా, ఫార్మాట్ చేసినా అది పోదు. అంటే 2019లో ల్యాప్‌టాప్ ధరలోనే విండోస్ డబ్బు నేను కట్టేశాను. నా సొంత విండోస్ నా చేతిలోనే ఉండగా, షాపులో దాన్ని కాదని దొంగ కాపీ వేసి, దాన్ని నడిపించడానికి యాక్టివేటర్ వేసి, యాక్టివేటర్‌ను డిఫెండర్ పట్టుకోకుండా డిఫెండర్ కళ్లకు గంతలు కట్టి, ఆ అడ్డదారి చెడకుండా అప్‌డేట్లు కూడా ఆపేసి ఇచ్చారు. నేను కొన్నది హోమ్ అయితే వాళ్లు వేసింది ప్రో. నాకు పెద్దది పెట్టామనే అనుకుని ఉంటారు.

కోపంతో కాదు, తెలుసుకుందామని ఆ షాపుకు మళ్లీ వెళ్లాను. కుర్రాడు దాచలేదు. “సార్, ఒరిజినల్ వేసి, డ్రైవర్లు వేసి, అప్‌డేట్లు ఎక్కించేసరికి సగం పూట పోతుంది. ఇదైతే అన్నీ ముందే వేసిపెట్టిన కాపీ, ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. రోజుకు పది మిషన్లు వస్తాయి” అన్నాడు. ఆ కాపీ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఇంకో షాపు ఇచ్చిందట. ఆ షాపుకు ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. ల్యాప్‌టాపులో కీ ఉంటుందన్న సంగతి మాత్రం అతనికి నిజంగానే కొత్త. రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. లోభం కన్నా తొందర, అలవాటు ఎక్కువగా కనిపించాయి నాకు.

కానీ ఆ అలవాటుకు మూల్యం చిన్నది కాదు. నా అదృష్టం కొద్దీ వచ్చింది నాణేలు తవ్వేది. లైసెన్సు తాళం విరగ్గొట్టిన దొంగ సాఫ్ట్‌వేర్ల, అంటే క్రాక్‌ల, వెంట బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులనూ, మళ్లీ పాస్‌వర్డు అడగకుండా లోపలికి పంపే లాగిన్ కుకీలనూ ఎత్తుకుపోయే రకమూ వస్తుంది. లుమ్మా అనే ఆ తరహా మాల్‌వేర్ 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో కనబడిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందుకే నేను కూడా మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులన్నీ ఫోను నుంచి మార్చి, అన్ని పరికరాల్లోంచీ లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాను. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ అనే రాన్సమ్‌వేర్ కూడా ప్రధానంగా క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే ఇళ్లలోకి పాకింది. దాని పాత రకాలకు 2019లో ఉచిత విరుగుడు వచ్చినా, కొత్త రకాల్లో చాలావాటికి పెళ్లి ఫొటోలు పోయినట్టే. ఇక అప్‌డేట్లు ఆపేస్తే ఏమవుతుందో మనకు 2017 మే 12న తెలిసింది. ఆ రోజు ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా పడిపోయాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ ఉన్నాయి.

పేజ్‌మేకరూ, పాత తెలుగు ఫాంట్లూ లేకపోతే నా పని ఎలాగని మొదట బెంగపడ్డాను. ఇప్పుడు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసులో, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేస్తున్నాను. మండలి, గిడుగు, సురవరం, తెనాలి రామకృష్ణ వంటి ఉచిత ఫాంట్లు ప్రశ్నపత్రాలకు బ్రహ్మాండంగా సరిపోతున్నాయి. ప్రెస్సువారు మొదట సణిగారు కానీ పీడీఎఫ్ ఇస్తే తీసుకుంటున్నారు. శుభలేఖల దగ్గర మాత్రం ఆ పాత అక్షరాల సొగసు రావడం లేదు, నిజం చెప్పాలి కదా.

అధికారులకూ, మీకూ నాలుగు విన్నపాలు. కంప్యూటర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించి, వైరస్ తొలగించే పరికరాలను అందరికీ ఉచితంగా ఇస్తోంది. నేనడిగిన పదిమందిలో ఒక్కరికీ దాని పేరు తెలియదు. డబ్బు పోయాక ఫోన్ చేయవలసిన 1930 నంబరును ప్రచారం చేసినట్టే, డబ్బు పోకముందు ఉపయోగపడే ఈ కేంద్రాన్నీ మీసేవా కేంద్రాల్లో, గ్రామ సచివాలయాల్లో తెలుగులో పోస్టరు వేసి చెప్పవచ్చు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి వైరస్ ప్రవేశపెట్టడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షను కిందికి వస్తుంది, బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కేసులు పెట్టమని నేను అడగడం లేదు. సర్వీసు షాపులవారిని పిలిచి ఒక పూట కూర్చోబెట్టి, బ్రాండెడ్ ల్యాప్‌టాపులో కీ ఉంటుందన్న సంగతి చెప్పి, వేసిన సాఫ్ట్‌వేర్ల పేర్లు బిల్లు మీద రాయాలని కోరితే చాలు. గంట ఎక్కువ పట్టే పనికి రెండు మూడు వందలు అదనంగా తీసుకుంటామంటే మేమూ కాదనం. నాలుగో విన్నపం మీకు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే అప్‌డేట్ల మద్దతు ముగిసింది కనుక, పాత మిషన్లు పట్టుకుని షాపులకు వెళ్లేవారు పెరుగుతారు. వారు షాపు మెట్లెక్కే ముందు చదువుకునేలా, ఫైళ్లు ఎలా దాచుకోవాలి, ఏమి వేయమని అడగాలి, ఇంటికి తెచ్చాక డిఫెండర్‌లోని ఆ వదిలేసే జాబితా ఎక్కడ చూడాలి అన్న మూడు సంగతులను బొమ్మలతో సహా ఒక్క ఆదివారం అర పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి