చిన్న స్కూటర్లకు పెద్ద చక్రాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటిల్లిపాదీ వాడే 110 సీసీ స్కూటర్లలో చాలావాటికి ఇప్పటికీ వెనక చక్రం 10 అంగుళాలే. వాన నీళ్లలో గుంత కనపడదు. చిన్న చక్రం అందులో దిగబడితే వెనక కూర్చున్న పెద్దవాళ్ల నడుము పట్టేస్తుంది. రెండు చక్రాలూ 12 అంగుళాలు ఉండాలి.

కొన్ని మోడళ్లలో కిక్ తీసేయడం నాకు అస్సలు నచ్చలేదు. గేర్ల బండిలా స్కూటర్‌ను తోసి స్టార్ట్ చేయలేం. రాత్రిపూట బ్యాటరీ దిగిపోతే ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఎంత టెన్షన్!

పెట్రోలు మూత సీటు కింద ఉన్న బండ్లకు బంకులో సంచులన్నీ దించాల్సి వస్తోంది. కొన్ని కంపెనీలు మూతను బయటికి తెచ్చాయి, మిగతావారూ తేవాలి.

తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడే ఏబీఎస్‌ను, కనీసం ముందు చక్రానికైనా, ఈ చిన్న బండ్లకూ ఇవ్వాలి.

– ఒక స్కూటర్ వినియోగదారురాలు, విజయవాడ