సమావేశం ఎక్కడో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సందర్భంగా జూన్ 26న జరిగిన ర్యాలీ వార్తను మీ నెల్లూరు జిల్లా పేజీలో నాలుగు కాలాల్లో, ఫొటోతో సహా వేశారు. ఆలస్యంగా రాస్తున్నానని అనుకోవద్దు. ఆ వార్త చివర అధికారి గారు ఇచ్చిన సలహాను పాటించే పనిలో ఇన్నాళ్లూ తిరుగుతున్నాం.

మద్యానికి బానిసలైనవారు సహాయక బృందాల సమావేశాలకు, అంటే తాగుడు మానాలనుకునేవారు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా నిలిచే చోటికి, వెళ్లాలని ఆయన పిలుపునిచ్చారు. ఎక్కడికి వెళ్లాలో, ఏ రోజు, ఎన్ని గంటలకో చెప్పలేదు. ఆయన చెప్పకపోతే మీ విలేకరి అయినా అడగవద్దా? జెండా ఊపినవారు, వారి పక్కన నిలబడ్డవారు మాత్రం హోదాలతో సహా అచ్చయ్యారు. ఎండలో ప్లకార్డులు పట్టుకున్న ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ సలహాతో పనిలేదు. పని ఉన్న మా తమ్ముడు ఇంట్లో కూర్చుని పేపరు చదివాడు. చదివి, "అదెక్కడో కనుక్కో అన్నయ్యా" అన్నాడు. అమ్మ ఏడ్చినా, భార్య పుట్టింటికి వెళ్లినా మానని మనిషి తనంతట తాను అన్న మాట అది. తాగేవారి నోట ఆ మాట రోజూ రాదు. వచ్చిన పూటే పట్టుకోవాలి.

పట్టుకుందామనే బయలుదేరాం. ఒక ఆసుపత్రిలో చీటీలు రాసేచోట గోడకు అలాంటి బృందం స్టిక్కరు ఉంది. దాని మీద ఫోను నంబరూ ఉంది. చివరి రెండంకెల మీద ఎవరో కంటి శిబిరం కరపత్రం అంటించారు. గోటితో గీకితే కరపత్రంతో పాటు అంకెలూ ఊడివచ్చాయి. అక్కడి ఉద్యోగిని అడిగితే "ఆదివారాలు ఎవరో వస్తుంటారండీ" అన్నాడు. ఎక్కడికి అని అడిగితే "ఇదివరకు వచ్చేవారు" అని సవరించుకున్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన నంబరుకు చేస్తే టైర్ల దుకాణం యజమాని పలికాడు. పాపం, ఆయనకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయట. ఏం చెప్పాలో తెలియక "ధైర్యంగా ఉండండి" అని పెట్టేస్తాడట. మాకు దక్కిన మొదటి ఆదరణ అదే. తాగుడు మాన్పించే ఒక ప్రైవేటు కేంద్రంవారు మాత్రం వెంటనే స్పందించారు. నెలకు ఇన్ని వేలని చెప్పి, గేటుకు తాళం వేసే ఉంచుతామని భరోసా కూడా ఇచ్చారు.

ఇంతకీ మేం వెతికింది ఖర్చుతో కూడిన వ్యవహారం కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే ఈ బృందాన్ని 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు మొదలుపెట్టారు, ఒకరు షేర్ల వ్యాపారి, మరొకరు డాక్టరు. మన దేశంలోకి 1957లో వచ్చింది. రుసుము లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. టీ ఖర్చు, గది అద్దె సభ్యులే వేసుకుంటారు, బయటివారి విరాళం తీసుకోరు. అంటే ప్రభుత్వం పైసా ఇవ్వనక్కరలేదు, చిరునామా చెబితే చాలు. ఆ ఒక్కటీ మనవాళ్లకు చేతకాలేదు. "అదంతా రహస్యం కదండీ" అన్నాడు ఒక పెద్దమనిషి. దాచవలసింది వచ్చేవారి పేర్లను. గది ఎక్కడుందో దాచిపెడితే వచ్చేదెవరు?

మద్యం దుకాణం చిరునామా ఎవరూ దాచలేదు. ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకా తెరిచే ఉంటుందని పిల్లలకు కూడా తెలుసు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 దుకాణాలకు లాటరీ తీస్తే, తిరిగిరాని 2 లక్షలు కట్టి దరఖాస్తు చేయడానికి జనం ఎగబడ్డారు. 99 రూపాయలకే క్వార్టరు అందిస్తామన్న మాట నెరవేరింది. మాట నిలబెట్టుకోవడం మన యంత్రాంగానికి రాదని ఎవరన్నారు?

ఇదే జిల్లాలో, కలిగిరి మండలం దూబగుంటలో, 1992లో రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాళ్లు. మరుసటి ఏడాది అక్టోబరు 1న సారా పోయింది, 1995లో మద్యమంతా పోయింది, 1997లో మళ్లీ వచ్చింది. ఏటా ఆమెను తలచుకుంటూ ఉపన్యాసాలు మాత్రం ఇస్తారు.

మరొకటి. ఏళ్లుగా రోజూ తాగేవారు ఉన్నపళంగా ఆపేస్తే ఒళ్లు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పడం జరగవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ముందు డాక్టరుకు చూపించాలి. "ఈ క్షణమే మానండి" అని ర్యాలీలో అరిపించినవారు ఈ ముక్క చెప్పి ఉండవలసింది. మత్తు అలవాటు మానడానికి కేంద్రప్రభుత్వ ఉచిత నంబరు 14446, మానసిక సహాయానికి 14416 ఉన్నాయి. నాలుగు కాలాల వార్తలో ఈ పది అంకెలకు చోటు దొరకలేదు.

చివరికి దారి చూపింది మా వీధి టీ కొట్టులో పరిచయమైన ఒక లారీ డ్రైవరు. తాను మానేసి చాలాకాలమైందని మెల్లగా చెప్పి, మా తమ్ముణ్ని తనే వెంటపెట్టుకుని నెల్లూరు తీసుకెళ్లాడు. ఇప్పుడు ప్రతి వారం కావలి నుంచి ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. తాగేవారి కుటుంబాల కోసం ఆల్ అనాన్ అని వేరే సమావేశాలుంటాయట. మా మరదలికి అది ఎక్కడుందో ఇంకా దొరకలేదు.

మా తమ్ముడు వెళ్లే నెల్లూరు సమావేశం జరిగే చోటు, వేళ వేరే కాగితం మీద రాసి, సభ్యుల అనుమతితో జతచేస్తున్నాను. ఒక్కసారి వేసి ఊరుకోకుండా మీ 'నేడు' శీర్షికలో ప్రతి వారం వేయండి. ఒంగోలు, గూడూరు, ఆత్మకూరు వివరాలు మీ విలేకరులతో తెప్పించండి. చోటు చాలకపోతే నాయకుల పుట్టినరోజు ఫొటోల్లో ఒకటి తగ్గించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కావలి
(మా తమ్ముడి కోసం నా పేరు ప్రచురించవద్దని మనవి)