టేకాఫ్ అయ్యాక ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగాలా?

అందరికీ నమస్తే. నిన్న టీ దగ్గర తెగని వాదన ఇది. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో 500 అడుగుల ఎత్తున ఇంజిన్ ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవచ్చా? నా మాటైతే, వద్దు.

తిరగడమంటే 180 డిగ్రీలే అనుకుంటాం. అంతే తిరిగితే రన్‌వేకి పక్కన తేలతాం. దాని మీదికి రావాలంటే ఇంకాస్త తిరగాలి, మళ్లీ ఎదురు వైపు సరిచేసుకోవాలి. ఈలోపు ఎత్తు కరిగిపోతుంది. పైగా విమానాన్ని పక్కకి 45 డిగ్రీలు వాలిస్తే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) దాదాపు 19 శాతం పెరుగుతుంది. నేల దగ్గరవుతుంటే చెయ్యి తనకు తెలియకుండానే యోక్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే చేతి పిడి) వెనక్కి లాగుతుంది, వేగం ఇంకా పడి స్టాల్ అవుతుంది. ప్రాణాలు పోయేది అక్కడే.

కాబట్టి ముందు ముక్కు దించండి. 172 ఎస్ మోడల్‌లో గ్లైడ్ వేగం, అంటే ఇంజిన్ లేకుండా తేలుతూ దిగే వేగం, 68 నాట్లు. ఎదురుగా, కాస్త అటూ ఇటూగా ఖాళీ జాగా వెతకండి. టైమ్ మిగిలితే ఫ్యూయల్ కట్ చేయడం, ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) దించాక మాస్టర్ (కరెంటు మెయిన్ స్విచ్) ఆపడం, తలుపు గడియ తీయడం. రేడియో చివర్లోనే.

బేగంపేట విమానాశ్రయంలో అయితే దిగడానికి హుస్సేన్‌సాగర్ ఉందిగా అని ఒకరన్నారు. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, సాగరేమో దక్షిణాన. దాన్ని చేరాలన్నా తిరగాల్సిందే కదండీ! నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ వైపు ఇంకా కొంత ఖాళీ ఉంది, ప్లాట్లు వేసేదాకా.

నమ్మకం లేనివాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి, భద్రమైన ఎత్తులో ఇంజిన్ పవర్ ఐడిల్‌కి (పూర్తిగా తగ్గించి) తెచ్చి, నాలుగు సెకన్లు ఆగి, విమానాన్ని వెనక్కి తిప్పి చూడండి. తేరుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. ఎన్ని అడుగులు పోయాయో ఇక్కడే పెట్టండి.