వేటా, వాతావరణమా అని తేల్చమనకండి

సంపాదకుల వారికి,

సముద్రంలో చేపలు తగ్గాయని వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే గొడవ. ట్రాలర్లు ఊడ్చేశాయని ఒకరు, నీళ్లు వేడెక్కాయని ఇంకొకరు. మూడో ఆయన వచ్చి, చేపలన్నాక వస్తాయి పోతాయి, ఇదంతా మామూలే అంటాడు. ఈయన మాటలో నిజం ఉంది, చిక్కంతా అక్కడే. కాలిఫోర్నియా తీరంలో శాంటా బార్బరా దగ్గర సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదలో చేప పొలుసులు ఏరి లెక్కపెడితే సుమారు 1,700 ఏళ్ల చరిత్ర బయటపడింది. మరబోట్లు పుట్టకముందే అక్కడ సార్డీన్లు అనే చిన్న చేపలు దాదాపు 60 ఏళ్లకోసారి విపరీతంగా పెరిగి, మళ్లీ పడిపోతూ వచ్చాయి.

మరి వేటను తప్పుపట్టడం ఎందుకు? చేప పిల్లకు గండం ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది. పుట్టినప్పుడు దాని పొట్ట కింద చిన్న సొన సంచి ఉంటుంది. అది అయిపోయేలోపు నోట్లో పట్టేంత ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మ జీవులు, దొరకాలి, లేకపోతే అంతే సంగతులు. యూరప్ పక్కనున్న ఉత్తర సముద్రంలో (నార్త్ సీ) కాడ్ అనే చేప పిల్లలకు వచ్చిన కష్టం ఇదే. వసంతంలో వాటికి అందే కాలనస్ అనే చల్లనీటి జీవి, నీళ్లు వేడెక్కేకొద్దీ ఉత్తరానికి జరిగిపోయింది, దాని చోటుకి వచ్చిన వెచ్చనీటి జాతేమో ఏడాదిలో ఆలస్యంగా పెరుగుతుంది, అప్పటికి పిల్లలకు ఆ అవసరం దాటిపోతుంది. ఈ మార్పు 1931 నుంచి ఓడల వెనక కట్టి లాగుతున్న ఒక పరికరం వల్ల తెలిసింది, అందులో పట్టుగుడ్డ చుట్టుకుంటూ ప్లాంక్టన్‌ను పట్టేస్తుంది. ఆ గుడ్డను మైక్రోస్కోప్ కింద పెట్టి దశాబ్దాలుగా లెక్కపెడుతున్నవాళ్లకు ఎవరూ సన్మానాలు చేయరనుకోండి.

ఇలాంటి చెడ్డ ఏళ్లను తట్టుకునేది ముసలి చేపలతోనే. పెద్ద ఆడ కాడ్ లక్షల్లో గుడ్లు పెడుతుంది, అదీ ఎక్కువ వారాల పాటు, కాబట్టి ఒక వారం పిల్లలు చచ్చినా ఇంకో వారం పిల్లలు బతుకుతాయి. వల మొదట ఏరేసేది ఆ ముసలి చేపలనే! మిగిలిన కుర్ర చేపల మందకు ఒక్క చెడ్డ ఏడాది చాలు. పెరూలో 1970లో నెత్తళ్ల జాతి చేప 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టారు, 1972లో సముద్రాన్ని వేడెక్కించే ఎల్ నినో వచ్చి మరుసటి ఏడాదికి అందులో పావు వంతు కూడా రాలేదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ వేట 1992లో ఆపేశారు. ఆ ఏళ్లలో నీళ్లు మామూలు కంటే చల్లబడ్డాయి, కాడ్‌కు ఆహారమైన కాపెలిన్ అనే చిన్న చేప కూడా తగ్గింది, నిజమే, కానీ అప్పటికే వేట కాడ్ మందను గుల్ల చేసి పెట్టింది. 30 ఏళ్లు దాటినా కాడ్ పాత స్థాయికి రాలేదు.

ఒక్కోసారి ఖాళీ అయిన చోట ఇంకెవరో చేరిపోతారు. నమీబియా తీరంలో సార్డీన్లు పోయాక జెల్లీఫిష్ పెరిగిపోయాయి. అవి చేప గుడ్లనూ పిల్లలనూ తింటాయి కాబట్టి సార్డీన్లు తిరిగి రావడం ఇంకా కష్టమైంది.

కాబట్టి ఇకపై ఎన్ని టన్నులు పడ్డాయో ఒక్కటే రాసి ఊరుకోకండి. పడ్డ చేపల సైజు ఎంత, వయసు ఎంత, ఆ ఏడు ప్లాంక్టన్ ఎప్పుడొచ్చింది అనేవి కూడా అధికారులను అడిగి వేయండి. సముద్రం బాగోలేదని తెలిసిన ఏడాదే వేట కోటా తగ్గించారా, లేక రెండేళ్లు ఫైళ్లు తిప్పారా అన్నదీ అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు