వార్షిక నివేదిక 2025: తెలుగు బడి గోడపత్రిక, మెక్‌టామినే ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గ్లాస్గో, చుట్టుపక్కల ఊళ్లలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల సంఘం 2025లో చేసిన పనుల నివేదిక ఇది. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు మీ అందరి దగ్గరా ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు. ఈసారి వివరంగా చెప్పుకోవలసింది ఆదివారం తెలుగు బడి పిల్లలు తయారుచేసిన గోడపత్రిక గురించి.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచినప్పుడు, తెలుగులో దేని గురించి రాస్తారని పిల్లల్నే అడిగాం. పండగల మీద రాసి రాసి విసుగొచ్చిందని పెద్ద పిల్లలు మొహమాటం లేకుండా చెప్పేశారు. స్కాట్లాండ్ ఫుట్‌బాల్ జట్టు మిడ్‌ఫీల్డర్ స్కాట్ మెక్‌టామినే గురించి రాస్తామన్నారు. అప్పటికి ఆయన నాపోలీ క్లబ్బును ఇటలీ లీగ్ విజేతగా నిలిపి, ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా కూడా ఎంపికయ్యాడు. సరే అన్నాం కానీ ఒక షరతు పెట్టాం: క్లబ్బుల సంగతి వద్దు, దేశం తరఫున ఆడిన ఆట మాత్రమే రాయాలి.

ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్‌లో, 1996 డిసెంబరులో. తండ్రిది మనకు దగ్గర్లోనే ఉన్న హెలెన్స్‌బరో. మనలో చాలామంది ఎండ కాసిన శనివారాల్లో పిల్లల్ని తీసుకెళ్లే ఊరే. ఇంగ్లండ్‌కు ఆడే అవకాశం ఉన్నా తండ్రి దేశాన్నే ఎంచుకున్నాడు. ఇది తెలిశాక ఒక అమ్మాయి, "మా నాన్నది తెనాలి, నేను పుట్టింది పైస్లీలో. నేనూ రెండు జట్లలో ఒకటి ఎంచుకోవచ్చా?" అని అడిగింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి గంటసేపు దాని మీదే మాట్లాడుకున్నాం. నా దృష్టిలో ఈ ఏడాది బడిలో జరిగిన అన్నిటికంటే మంచి తరగతి అదే.

పిల్లలు మొదట గోల్స్ మాత్రమే రాసుకొచ్చారు. గోల్స్ లేని మూడున్నరేళ్ల గురించి కూడా రాయమని ఉపాధ్యాయులు పట్టుబట్టారు. అది సరైన పని అని కార్యవర్గం అభిప్రాయం. మెక్‌టామినే మొదటి మ్యాచ్ 2018 మార్చిలో గ్లాస్గోలోని హాంప్‌డెన్ స్టేడియంలో, కోస్టారికా మీద. స్కాట్లాండ్ 1–0తో ఓడింది. ఆ తర్వాత కోచ్ స్టీవ్ క్లార్క్ ఆయన్ని చాలాసార్లు తన స్థానం కాని చోట, వెనక ముగ్గురు డిఫెండర్లలో ఒకడిగా ఆడించాడు. 2021 జూన్‌లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్‌ను 0–0 దగ్గర ఆపిన రోజు కూడా ఆయన డిఫెండరే. మొదటి గోల్ కోసం 2021 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఇజ్రాయెల్‌తో 2–2గా ఉన్న మ్యాచ్‌లో, ఇంజురీ టైమ్‌లో (తొంభై నిమిషాల తర్వాత కలిపే అదనపు సమయంలో), కార్నర్ నుంచి వచ్చిన బంతిని ఒంటితో లోపలికి నెట్టాడు. అందమైన గోల్ కాదు. కానీ హాంప్‌డెన్ ఊగిపోయింది.

2023 మార్చిలో కథ మలుపు తిరిగింది. సైప్రస్ మీద చివర్లో రెండు గోల్స్, మూడు రోజులకే స్పెయిన్ మీద ఇంకో రెండు. 1984 తర్వాత స్కాట్లాండ్ స్పెయిన్‌ను ఓడించడం అదే మొదటిసారి. యూరో 2024 (యూరప్ దేశాల టోర్నీ) అర్హత పోటీల్లో మొత్తం ఏడు గోల్స్ చేశాడు. అసలు టోర్నీ మాత్రం నిరాశే: జర్మనీ చేతిలో 5–1, స్విట్జర్లాండ్‌తో 1–1, ఆఖరి నిమిషాల్లో హంగరీ చేతిలో ఓటమి. స్విట్జర్లాండ్ మీద గోల్ ఆయనదే.

గోడపత్రికలో ఆఖరి కాగితాన్ని ఖాళీగా వదలాలన్నది పిల్లల ఆలోచన. నవంబరు 18న డెన్మార్క్‌తో మ్యాచ్ గెలిస్తే 1998 తర్వాత మొదటిసారి ప్రపంచకప్‌కు వెళ్తాం, గెలవకపోతే నేరుగా వెళ్లే దారి లేదు. అందరం కలిసి చూద్దామని మాట్లాడుకున్న హాలు చివరి నిమిషంలో దొరకలేదు. ఒక సభ్యుల ఇంట్లో సర్దుకున్నాం. సోఫా నిండా పెద్దవాళ్లు, కింద పిల్లలు, వంటింట్లో పులిహోర. చాలామంది ఇంకా ప్లేట్లు పట్టుకుని నిలబడే ఉన్నారు. మూడో నిమిషంలో కుడివైపు నుంచి మన ఆటగాడు బెన్ గానన్-డోక్ క్రాస్ వేశాడు. మెక్‌టామినే గాల్లోకి లేచి, గోల్‌కు వీపు పెట్టి, తల మీదుగా తన్నాడు. ఒక్క క్షణం ఎవరికీ నోట మాట రాలేదు. డెన్మార్క్ రెండుసార్లు స్కోరు సమం చేసింది, ఆ టెన్షన్ మళ్లీ తలుచుకోలేను. ఇంజురీ టైమ్‌లో మనవాళ్లలో టియర్నీ ఒకటి, మైదానం మధ్య నుంచి మెక్‌లీన్ ఇంకొకటి. 4–2. పక్కింటివాళ్లు తలుపు కొట్టారు, కోప్పడటానికేమో అనుకున్నాం. లోపలికొచ్చి మాతో కలిసి ఎగిరారు.

తర్వాతి ఆదివారం ఆ ఖాళీ కాగితం నింపారు. ఆ కిక్‌ను తెలుగులో ఏమనాలన్నది పెద్ద చర్చ. "పల్టీ కొట్టి" అని ఒకరు, "తలకిందులుగా" అని ఇంకొకరు. చివరికి "వెల్లకిలా గాల్లో లేచి తన్నిన గోల్" అని రాశారు. ఊరి నుంచి వచ్చిన ఒక తాతగారు చదివి, అర్థమైందన్నారు. ఆట చూడని మనిషికి అర్థమైందంటే భాష పిల్లలకు పట్టుబడుతున్నట్టే. గోడపత్రిక ప్రస్తుతం బడి గదిలోనే ఉంది, వచ్చి చూడండి.

2026 ప్రపంచకప్‌లో మన గ్రూపులో హైతీ, మొరాకో, బ్రెజిల్ ఉన్నాయి. హైతీ మ్యాచ్ మనకు జూన్ 14 తెల్లవారుజామున రెండింటికి. మిగతా రెండూ, జూన్ 19న, 24న, రాత్రి పదకొండింటికి. ఆ వేళకు తెరిచి ఉండే హాలు ఈసారి ముందే మాట్లాడాలి. వెతకడానికి, వంటకు, పిల్లల్ని ఇళ్లకు దింపడానికి వీలున్నవాళ్లు ఏప్రిల్ లోపు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.

— కార్యవర్గం తరఫున